చెక్క లేని గిటారు

"మంచం కూడానా?" అంది కూతురు.

"మంచం, స్టూలు, అదిగో ఆ గోడకున్న పలక కూడా" అంటూ తలుపుల మేస్త్రి మంచాన్ని అడ్డంగా తిప్పి గదిలోంచి బయటికి ఈడ్చేశాడు. "ఈ గదిలో చెక్క అన్నది అగ్గిపుల్లంత కూడా మిగలకూడదు. అప్పుడు చూస్తా, ఆ గిటారు ఎలా చేస్తావో!"

ఇక గదిలో మిగిలినవి తీగలూ, తుక్కూ, ఒకటి రెండు పనిముట్లూ. మోటారుసైకిలు క్లచ్చు తీగలు, పాత కిటికీకి ఊడదీసిన అల్యూమినియం పట్టీ, పాడైపోయిన టెలిఫోన్లోంచి పీకిన అయస్కాంతం. వీటితో బాస్ గిటారు చేస్తానంటుంది ఆ పిల్ల. బాస్ అంటే మామూలు గిటారు కాదు. చెవికన్నా ముందు గుండెకి తగిలే లావు గొంతు దానిది. సాయంత్రం ఊరి హాల్లో ఆడపిల్లల బ్యాండు వాయిస్తోంది. బాస్ పట్టుకెళ్తేనే ఈ పిల్లకి అందులో చోటు. లేకపోతే ఆ చోట్లో ఇంకో పిల్ల నిలబడుతుంది.

"పోయినసారి నూనెడబ్బాతో చేసి స్టేజీ ఎక్కావు. పాట సగంలో ఉండగానే తీగలు లాగిన లాగుడికి అది కాస్తా సొట్టపోయి మూతి ముడుచుకుంది. జనం ఏమన్నారు? 'మేస్త్రి కూతురి పనితనం ఇదేనా' అన్నారు. నీ పరువు పోతే పోనీ అనుకుందును. పోయింది నాదే తల్లీ!"

"అందుకే నాన్నా, ఆ నవ్విన వాళ్ల ముందే మళ్లీ వాయిస్తా."

"దేంతో వాయిస్తావే?"

"నువ్వే చెప్పు. ఆ తీగల లాగుడికి ఎలాంటి చెక్క ఆగుతుంది?"

పనివాణ్ని పని గురించి అడిగితే నోరు ఊరుకుంటుందా? కోపాన్ని కాసేపు పక్కన పెట్టి మరీ చెప్పాడు.

"రెండు వేళ్ల మందం టేకు ఉండాలి. అదీ పచ్చిది కాదు, ఏళ్ల తరబడి ఎండింది. తీగలు బిగించడానికి కొలిమిలో కాల్చి కొట్టిన ఇనుము ఉండాలి. అప్పుడు గానీ ఆగదు. నీకు జన్మలో దొరకవు."

"సరేలే. రంపం, డ్రిల్లు కూడా పట్టుకుపో. అవి మాత్రం ఎందుకు?" అంది కూతురు మూతి బిగించి.

"అక్కర్లేదు, ఉంచుకో. గాలిని కోసుకో!"

అన్నం క్యారేజీ, మంచినీళ్ల సీసా లోపల పెట్టాడు. ఎంతైనా కన్నతండ్రి కదా. బయటికొచ్చి తలుపు దభీమని వేశాడు. తలుపుకున్న గడియని గుమ్మం కన్నంలోకి తోసి, గడియకే తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

వసారాలో మేస్త్రి వాళ్లమ్మ కూర్చుని పాత చీర అంచు కుడుతోంది. "పెళ్లి కావలసిన పిల్లని గొడ్డుని కట్టేసినట్టు కట్టేస్తావేంట్రా?" అంది.

"నువ్వు దాన్ని వెనకేసుకురాకమ్మా. ప్రోగ్రాం అయిపోయాక నేనే వచ్చి తీస్తా. అంతదాకా నువ్విక్కడే కూర్చో. తలుపు మీంచి కన్ను తీశావో, ఊరుకోను!"

"తీయనురా నాయనా. ఈ వయసులో నా కళ్లకి వేరే పనేముంది?"

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

మేస్త్రి తృప్తిగా పనికి వెళ్లిపోయాడు. పక్క పేటలో కొత్త ఇంటికి ద్వారబంధాలు ఎత్తుతున్నారు. పగలంతా చిత్రిక పడుతున్నాడే గానీ, మధ్యమధ్యలో జేబు తడుముకుంటూనే ఉన్నాడు. తాళంచెవి తగిలినప్పుడల్లా మీసాల్లోనే నవ్వుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పైపుల పనివాడు సైకిలు దిగీ దిగకముందే అరిచాడు. "మేస్త్రీ, నువ్వింకా ఇక్కడే ఉన్నావా? హాల్లో మీ అమ్మాయి దుమ్ము లేపుతోంది!"

"మా అమ్మాయా? నీకేమైనా మతిపోయిందా? తాళంచెవి ఇదిగో, నా దగ్గరుంది!"

"తాళంచెవి సంగతి నాకు తెలీదు బాబూ. గిటారు మాత్రం ఆ పిల్ల మెడలో ఉంది."

చిత్రిక అక్కడే పారేసి మేస్త్రి పరుగు తీశాడు. హాలు వాకిట్లో ఉండగానే ఆ మోత వచ్చి రొమ్ముకి తగిలింది. ధమ్, ధమ్, ధమ్. కాలు ఆగిపోయింది. చెక్కని కొట్టి చూసి దాని జాతి చెప్పే మనిషాయె. బాగా ఎండిన టేకు! ఎవడిచ్చాడు దీనికి? ఎదురువీధి మేస్త్రే అయ్యుంటాడు, నా ముక్కు కోయడానికి అదను చూసి ఇచ్చుంటాడు!

లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. దీపాల వెలుగు కళ్లలో కొట్టి స్టేజీ సరిగ్గా ఆనలేదు. పోయినసారి నవ్విన వాళ్లే ఈసారి లేచి నిలబడి చప్పట్లు చరుస్తున్నారు. వాళ్లని తోసుకుంటూ ముందుకు వెళ్తే ఏముంది, మొదటి వరసలో నడిమధ్యన, ఒళ్లో కుట్టుతో సహా, వాళ్లమ్మ!

"అమ్మా!" అరిచాడు మేస్త్రి. "తలుపు మీంచి కన్ను తీయొద్దని చెప్పానా లేదా? ఒట్టు కూడా వేశావు కదే!"

ఆవిడ తల కూడా తిప్పలేదు. రెప్ప వాల్చకుండా స్టేజీ వైపే చూస్తూ అంది. "అరవకురా, పాట వినబడట్లేదు. నేనెక్కడ తీశాను? పొద్దుటినుంచీ దాన్నే చూస్తున్నా. దాని వెంబడే ఇక్కడిదాకా నడిచొచ్చా. అనుమానమైతే నువ్వూ చూసుకో."

మేస్త్రి తలెత్తి చూశాడు. కూతురి మెడలో రెండు వేళ్ల మందం టేకు, దాని మీద తన చేత్తో కొట్టిన నల్లటి గడియ, ఆ గడియకి బిగించిన క్లచ్చు తీగలు. వాటి కింద, పొద్దున తను వేసిన తాళం వేసింది వేసినట్టే పాటకి తగ్గట్టు ఊగుతోంది.