ఐపీ పెట్టినాయన కారు

తలుపు దబదబా మోగింది.

పరశురాములు నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. చెయ్యన్నా కడుక్కోకుండా, కంచం పట్టుకుని వెనక గదిలోకి జారుకున్నాడు.

ఆ ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. ఒకప్పుడు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయించిన మనిషాయన. బట్ట కొనేవాళ్లు లేక, అప్పులు తీర్చే దారి లేక, నా వల్ల కాదని కోర్టులో ఐపీ పెట్టి కోరుట్లకొచ్చి పడ్డాడు. అప్పటి నుంచి తలుపు చప్పుడైతే చాలు, ఆయన లోపలికి, భార్య బయటికి. "ఇంట్ల లేడు" అనే మాట వజ్రమ్మ నోటికి దేవుడి పేరులా అలవాటైపోయింది. కోర్టులో ఆ కేసు ఎప్పుడో తెగిపోయింది. గుండెలో మాత్రం తెగలేదు.

అందులోనూ ఈవేళ భయం ఇంకాస్త ఎక్కువ.

జగిత్యాలలో పాతకార్లు అమ్మే రాజ్‌కుమార్ దగ్గరికి ఓ పెద్ద కారు అమ్మకానికొచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, దొరలెక్కే కారు. ఇల్లు చూసిపోవడానికి ఫైనాన్స్ వాళ్లు ఈ పూటే వస్తారు. వాళ్లు సరేనంటే సాయంత్రానికల్లా కారు పరశురాములుది. తెల్లారి ఆ కారులోనే పోయి సిరిసిల్ల సేటు కొట్టు ముందు దిగాలి. ఐపీ పెట్టినవాడికి నూలు ఉద్దెరిచ్చే సేటు ఎక్కడున్నాడు? కారును చూసైనా ఇస్తాడేమో. నూలు దొరికితే మళ్లీ సాంచాలు ఆడతాయి. మళ్లీ నలుగురిలో తలెత్తుకోవచ్చు.

వజ్రమ్మ తలుపు తీసింది.

ఎదుట ఓ ముసలాయన. మోకాళ్ల దాకా ధోతి, భుజాన తువ్వాల, చెప్పుల నిండా దుమ్ము.

"పరశురాములు ఇల్లు గిదేనా బిడ్డా?"

"ఔ. ఇంట్ల లేడు."

"యాడికి పోయిండు?"

"ఏమో కాకా, చెప్పి పోడు."

"ఎప్పుడత్తడు?"

"గది సుత చెప్పడు."

ముసలాయన నవ్వాడు.

"మంచి మొగడే దొరికిండు నీకు! సరే తీ, అచ్చేదాక గీడ్నే కూసుంట."

అని గడప ముందు మెట్టు మీద చతికిలబడ్డాడు.

వజ్రమ్మ లోపలికి పరుగెత్తింది.

"ఎవడే?" గొంతు తగ్గించి అడిగాడు పరశురాములు.

"నాకేమెరుక? పేరు సుత చెప్పలే."

పరశురాములు తలుపు సందులోంచి తొంగి చూశాడు. "అప్పులోడే. నేనైతే మొగమెరుగ. మీ అన్న నాకు అప్పులిప్పిచ్చినోళ్లల్ల ఒకడు కావచ్చు."

"ఏది జరిగినా మా అన్న మీదనే పడు!"

"ఇప్పుడు మీ అన్న ముచ్చట కాదే! ఫైనాన్సోళ్లు అచ్చేయాళ్లకు గీ ముసలోడు గీడ కూసుంటే ఎట్ల? పైసలు ఎగవెట్టిండని ఒక్క మాటంటే నా కారు పాయె, నా నూలు పాయె. ఎల్లగొట్టు!"

"నేనా? అంత ముసలాయనను? మంచినీళ్లు సుత ఇయ్యకపోతిమి."

సరిగ్గా అప్పుడే పరశురాములు జేబులో ఫోను గట్టిగా మోగింది. ఎంగిలి చేత్తో తడుముకుని నొక్కేశాడు గానీ, అప్పటికే ఇల్లంతా వినబడింది.

బయట ముసలాయన తల తిప్పాడు.

"ఫోను ఇంట్లనే పెట్టి పోయిండా బిడ్డా?"

వజ్రమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "మర్సిపోయిండు కాకా."

"మర్సిపోతరు బిడ్డా. గట్లనే మర్సిపోతరు."

ఆ మాట మెత్తగానే అన్నాడు. లోపలున్న పరశురాములుకు మాత్రం వెక్కిరించినట్టే వినబడింది. ఇంకేముంది, కంచం కింద పడేసి ఒక్క ఉరుకున బయటికొచ్చాడు.

"ఎవడు పంపిండు నిన్ను? కోర్టుల తెగినంక మళ్ల ఏమడుగుతందుకు అచ్చినవ్? లే! లేస్తవా, పోలీసోళ్లను పిల్వాల్నా?"

వీధి వీధంతా ఇటే చూసింది.

ముసలాయన మోకాలు పట్టుకుని మెల్లగా లేచాడు. పరశురాములు వేళ్లకంటిన మెతుకులు చూశాడు.

"అన్నం కాడి నుంచి లేపినట్టున్న. తిను పో, కొడుకా."

అంతే. వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండు వైపు నడిచాడు.

పరశురాములు తలుపేసుకుని, ఫైనాన్స్ వాళ్ల కోసం కిటికీకి కళ్లప్పగించాడు. వీధిలో ఆటో చప్పుడైతే ఉలికిపాటు. బండి ఆగితే ఉలికిపాటు. ఒక్కరూ ఆ గడప వైపు రాలేదు.

మళ్లీ ఫోను మోగింది. రాజ్‌కుమార్.

"ఇందాక ఎందుకు కట్ చేసినవన్నా? ఫైనాన్సోళ్లు అస్తలేరు. నీ పాత ఐపీ కంప్యూటర్ల కనబడ్డదట, లోను ఇయ్యం అన్నరు."

పరశురాములు గోడకు జారగిలబడ్డాడు. "అయితే కారు పాయె."

"కారు ఓనరు బీర్పూర్ ఎర్రయ్య సేటుకు నీ ముచ్చటంత చెప్పినన్నా. 'ఫైనాన్సు ఎందుకు, నెలనెల నాకే కట్టుమను, మనిషిని సూసి అస్త' అని పొద్దుగాల్నే బస్సెక్కిండు. గది చెప్తందుకే ఇందాక ఫోన్ చేసిన."

పక్కనే చెవి పెట్టి వింటున్న వజ్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ధోతి... తువ్వాల..." అన్నాడు పరశురాములు.

"ఆఁ, గాయనే. గంత రైసుమిల్లుండి సుత ఇంకా బస్సుల్లనే తిరుగుతడు. ఇప్పుడే ఫోన్ చేసి, కారు వేరేటోళ్లకియ్యమన్నడు."

"నన్ను తిట్టిండా?"

"లేదన్నా. 'పాపం, ఇంకా భయంలనే ఉన్నడు. గా భయం కారెక్కినా పోదు. పోయినంక రమ్మను, అప్పుడు మాట్లాడుకుందం' అన్నడు."

పరశురాములు వేళ్ల మీద ఎండిన మెతుకులు చూసుకున్నాడు. "నా మొగం సుత ఎరుగనాయన నన్నెట్ల నమ్మిండు తమ్మీ?" అని అడిగాడు.

"నేను సుత గదే అడిగినన్నా. మిల్లు పెట్టకముందు ఆయన సుత ఐపీ పెట్టిన మనిషేనట, అప్పులోళ్లు తప్ప ఉత్తగ పలకరిస్తందుకు గప్పుడు ఆయన ఇంటికి పోయినోడు ఒక్కడు లేకుండెనట."