గుమ్మం ముందు చెప్పులు

...అసలు మనిషికి ముఖం ఎందుకు, రంగు చాలదా అనుకుంటున్నాడు పాండురంగం, మైక్రోస్కోపు మీదికి వంగి.

డాక్టరే గాని, రోగుల ముఖం చూసే డాక్టరు కాదు. మూత్రాశయం కాన్సరు గడ్డల్లోంచి కోసిన ముక్కలకు రంగు పట్టించి, కణాల మీద చక్కెర జాతి పదార్థాలు ఎంత మిగిలాయో చూస్తాడు. మిగిలినచోట ముదురు గులాబి. పోయినచోట వెలవెల.

గులాబి నిలిచినవాళ్లకు రోగం తిరగబెట్టదని అతని నమ్మకం. థీసిసంతా ఆ నమ్మకమే.

అన్నిటికన్నా ముదురు గులాబి నెక్కొండ సిద్దిరాములు ముక్కది. ఆపరేషనై రెండేళ్లు. అతనిప్పుడు ఎలా ఉన్నాడో తెలియాలి. కబురు మీద కబురు పంపినా ఉలుకూ పలుకూ లేదు. సోమవారం థీసిస్ టైపుకు ఇవ్వాలి.

వరండాలో దగ్గు వినిపించింది.

పాండురంగం లేచి బీరువా వెనక్కి పోయాడు. ల్యాబు తలుపు దగ్గరికి వచ్చే ప్రతి ముఖమూ ఒకటే అడుగుతుంది, బతుకుతడా సారూ అని.

"సారున్నడా?" నిన్నటి ముసలాయనే.

"లేడు," అన్నాడు అటెండరు కట్టయ్య.

"చెప్పులున్నయి గద."

"విడిచిపెట్టి పోయిండు."

"ఉత్త కాళ్లతోనా? గీ ఎండల?"

"సమ్మక్కకు మొక్కుకున్నడు."

బీరువా వెనక పాండురంగం తన పాదాల వైపు చూసుకున్నాడు.

"పనేందో నాకు చెప్పు పెద్దయ్యా."

స్లైడ్లు కడుగుతున్న శారద వైపు చూసి ముసలాయన గొంతు తగ్గించాడు. "ఆడబిడ్డ ముంగట చెప్పేది కాదు బిడ్డా. రేపొస్త."

మర్నాడు దగ్గు వినబడగానే పాండురంగం చెప్పులు కూడా చంకలో పెట్టుకుని బీరువా వెనక చేరాడు. ఇంత సులువైన ఉపాయం ముందే తట్టనందుకు నవ్వొచ్చింది.

"ఇయ్యాల నిజంగనే లేడు," అంటున్నాడు కట్టయ్య.

"అవు, చెప్పులు లేవు."

చేతికర్ర చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆయన వెంట మెట్ల కిందిదాకా పోయిన కట్టయ్య కాసేపటికి లోపలికొచ్చాడు.

"ఫికర్ లేదు సార్. ఇగ రాడట, మగ్గం ఆగిందట."

"ఇంతకూ అంత సిగ్గేంది ఆ తాతకు?" అంది శారద.

"ఒంటేలు పోసుకునే కాడ ఆపరేషనైందట. సారే రమ్మని కబురు పెట్టిండట. నెక్కొండ బండికి పోతాండు. పేరు సిద్దిరాములట."

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది.

పాండురంగం మైక్రోస్కోపు దీపం ఆర్పాడు. చంకలోంచి చెప్పులు తీసి కింద పెట్టి, కాళ్లు దూర్చి, తరువాతి బండికి బయల్దేరాడు.