దూడ వెనక కాళ్లు

మా చర్చిలో ఏటా తప్పిపోయిన కుమారుడి నాటకం వేస్తారు. ఆస్తంతా తగలేసి తిరిగొచ్చిన కొడుకుని క్షమించి తండ్రి చేసే విందు కోసం కోసే దూడకు వెనక కాళ్లు నేను. ముందు కాళ్లూ మొహమూ బేకరీ ఆయనవి. ఇద్దరి మీదా ఒకే దుప్పటి.

తండ్రి వేషం మా మామగారిది. వేషాలు పంచేదీ ఆయనే. పెళ్లయిన దగ్గర్నుంచీ కొడుకు వేషం అడుగుతూనే ఉన్నాను.

"దానికి యోగ్యత ఉండాలి బాబూ," అనేవారు. కుళాయిలు బాగుచేసే అల్లుడు ఆయన కంటికి ఎన్నడూ ఆనలేదు.

ఈసారీ మామగారు కళ్లజోడు నా చేతికిచ్చి స్టేజీ ఎక్కారు. కొడుకు వేషగాడు వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. ఆయన చేతులు చాచి పరుగెత్తి, వాణ్ణి దాటేసి, ఆ చివర వంగి ఉన్న నన్ను వాటేసుకున్నారు.

"నా కొడుకు దొరికాడు!"

బెదిరిన ముందు కాళ్లు దుప్పటితో సహా పారిపోయాయి. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఏం చెయ్యాలో తోచక నేను నా నడుముకు కట్టిన తోక ఊపాను.

తెర పడ్డాక జోడు అందించాను. "ఇది లేక పొరబడ్డారు మామయ్యగారూ. నేను కోసే దూడనండీ. కొడుక్కి యోగ్యత ఉండాలన్నది మీరే కదా?"

"యోగ్యత అడిగేవాడికి తండ్రి వేషం ఎలా నప్పుతుందయ్యా?" అంటూ ఆయన జోడు జేబులో వేసుకున్నారు. "ఇదంటావా, చదువుకోడానికి. దూరాన ఉన్నవాళ్లు నాకు శుభ్రంగా కనిపిస్తారు."