డిపో దానకర్ణుడు

అక్షరాలు ఆలస్యంగా దిద్దుకున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. నిదానంగా రాస్తాను గనక కథ చిన్నదే.

"ఒక్క సంచి అన్నయ్యా. ఎల్లుండే మీ బావకి ఆపరేషన్. నీదీ ఆయనదీ ఒకటే గ్రూపు," అంది చెల్లెలు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి.

బస్సు డ్రైవరు అప్పుడే స్నానం చేసి వచ్చాడు. రెండు చేతులూ బరబరా గోక్కుంటున్నాడు.

"నా వల్ల కాదమ్మా."

చెల్లెలు నవ్వింది. వేళాకోళమనుకుంది. రెండేళ్ల కిందట అతను మోచేతి మడతలో దూదితో ఆస్పత్రి నుంచి బయటికొస్తుంటే కండక్టరు చూసి, "రక్తం ఇచ్చొస్తున్నావా గురూ?" అన్నాడు. "ఆఁ" అన్నాడు డ్రైవరు. అప్పట్నుంచి డిపోలో అతని పేరు దానకర్ణుడు. రెండు నెలలకోసారి క్రమం తప్పకుండా వెళ్తాడు. ఎవరికిచ్చావని అడిగితే మాట మార్చేస్తాడు. గొప్పలు చెప్పుకోని మనిషని అందరూ మరింత మెచ్చుకున్నారు.

"నిజంగానే అంటున్నావా? ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇస్తావు, మీ బావకి ఇవ్వవా?"

"ఇంకెవర్నైనా చూస్తాను."

"ఇంకెవరో ఎందుకండీ?" వంటింట్లోంచి భార్య అందుకుంది. "అద్దంలో చూసుకోండి, బుగ్గలు నొక్కితే రక్తం చిందేట్టుంది. ఒక్క సంచికి తరిగిపోతారా?"

డ్రైవరు తువ్వాలు దండేనికి ఆరేయబోయాడు.

"సరే," అంది చెల్లెలు. "ఇవాళ్టితో నాకు అన్నయ్య లేడు."

గ్రూపు కలిసిన కండక్టరు వెళ్లి రక్తం ఇచ్చాడు. అతన్ని బతిమాలి పంపింది డ్రైవరేనని చెల్లెలికి తెలియదు. ఆపరేషన్ బాగానే జరిగింది. చూడ్డానికి వెళ్తే ఆమె మొహం తిప్పుకుంది. డిపోలో ఇప్పుడెవరూ దానకర్ణుడా అని పిలవడం లేదు.

సోమవారం డ్రైవరు ఎప్పటిలాగే ఆస్పత్రికి వెళ్లి, చివరి గదిలో మంచమెక్కి చొక్కా చెయ్యి మడిచాడు. నర్సు సూది గుచ్చింది.

"చెల్లెలు మాట్లాడుతోందా?"

"లేదు సిస్టర్."

"ఉన్నమాట చెప్పేయొచ్చుగా?"

"చెబితే సాయంత్రానికల్లా డిపోకి పాకుతుంది. స్టీరింగు లాక్కుంటారు. నాకింకో పని రాదు."

నర్సు ఫైలు తెరిచి, 'పాలీసైథీమియా' అన్న జబ్బు పేరు కింద ఇవాళ్టి తేదీ వేసింది. "రక్తంలో ఎర్రకణాలు ఇంకా ఎక్కువే ఉన్నాయి. ఇకమీదట నెలకోసారి రండి."

సంచి నిండింది.

ఆమె దాన్ని ఎప్పటిలాగే చెత్తడబ్బాలో పడేసింది.