మూడో సవరణ

పటం కావాలన్నవాళ్లు చేయవలసిన పనులు ఇవి. కాగితం, ఇంకు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఆదోనిలో భీమసేనరావు సారు మేడ మీద కూర్చుని సొంత చేత్తో గీసుకోవాలి. తర్వాత ఎవరు అడిగినా గీసుకోనివ్వాలి, పైసా పుచ్చుకోకూడదు. తప్పు కనిపిస్తే సారుకు చెప్పాలి. సారు పటం దిద్ది, గీసుకున్నవాళ్లందరికీ కార్డులు రాస్తారు. తప్పు పట్టినవాళ్ల పేరు పటం అడుగున ఎక్కుతుంది. ఆ పేర్లను మాత్రం ఎవరూ వదిలేయకూడదు.

అది రేడియో ట్రాన్స్‌మిటర్ పటం. సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సెట్టు కట్టుకుని, గాలిలో తోటివాళ్లతో మాట్లాడే హామ్‌ల కోసం సారు గీసింది. 1981 నాటికి దాన్ని తొమ్మిది మంది గీసుకున్నారు. అడుగున రెండే పేర్లున్నాయి. ఒకాయన గుంతకల్లు రైల్వే ఉద్యోగి, ఇంకొకాయన బళ్లారి డాక్టరు.

మూడో పేరు తనది కావాలని ఆ తొమ్మిది మందిలో ఒకడైన ఎమ్మిగనూరు లక్ష్మప్ప కోరిక.

మగ్గం నేసే ఇంట్లో అతనే మొదటి బి.ఎస్సీ. హైస్కూల్లో సైన్సు టీచరు. నెలకోసారి పటం చుట్టుకుని ఆదోని బస్సెక్కేవాడు.

“సార్, దొరికింది. ఈడ రెండు తీగలు కలిసేకాడ చుక్క లేదు.”

సారు రెండు పటాలూ పక్కపక్కన పరిచారు.

“నా దాంట్లో ఉందే. గీసేటప్పుడు నువ్వే వదిలేసినావు. పోగు తెగితే మీ నాయన మగ్గాన్ని తిడతాడా అప్పా?”

లక్ష్మప్ప తన పటంలో ఆ చుక్క పెట్టుకున్నాడు.

“అయినా పేరు మీద ఇంత మోజెందుకు నీకు?”

“మా నాయన నేసిన చీరలు రాయచూరు దాకా కట్టుకున్నారు సార్. ఒక్క చీర మీదా ఆయన పేరు లేదు. మా ఇంట్లో ఒకరి పేరన్నా ఒక కాయితం మీద నిలబడాలని.”

“అయితే వెతుకు. నా పటంలో తప్పు దొరికేలోపల నీ జుట్టు నెరుస్తుంది.”

తప్పు దొరికింది. లక్ష్మప్పకు కాదు. మార్కెట్ దగ్గర రేడియోలు రిపేరు చేసే మౌలాలికి.

శ్రావణంలో ఒక సాయంత్రం మౌలాలి మేడెక్కి, పటంలో ఒక మూల వేలు పెట్టి చూపించాడు. సారు పటాన్ని దీపం దగ్గరికి జరుపుకుని ఆ మూలను రెండుసార్లు చూసుకున్నారు.

“ఈ పొద్దే అందరికీ కార్డులు ఎయ్యండి సాబ్.”

“వచ్చే నెల బెంగళూరు హామ్‌లు ఈ పటం చూడను వస్తున్నారు. ఇప్పుడు నా తప్పును నేనే చాటింపు వేసుకోవాలా? వాళ్లు వచ్చిపోనీ.”

“నా పేరు ఎయ్యకపోయినా పర్వాలేదు సాబ్. దిద్దితే సాలు.”

“నెల రోజులు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోతుంది మౌలాలీ?”

మౌలాలి మెట్లు దిగిపోయాడు. అతని దుకాణానికి వచ్చే పనిలో సగం సారు పంపేదే.

పది రోజులకు లక్ష్మప్ప కార్డు వచ్చింది. సెట్టు పూర్తయిందట. ఆదివారం పొద్దున ఎనిమిదికి పిలుస్తాడట.

ఆ ఆదివారం సారు, మౌలాలి రేడియో ముందు కూర్చున్నారు. సరిగ్గా ఎనిమిదికి గొంతు పలికింది.

“సార్, ఎమ్మిగనూరు నుంచి లక్ష్మప్ప. వినపడతాండానా?”

“పక్కింట్లో ఉన్నట్టే ఉందప్పా నీ గొంతు!”

“అయితే మీ పటంలో తప్పు లేనట్టే సార్. నా పేరు ఇంక ఎక్కదు.” అవతల పెద్ద నవ్వు.

మౌలాలి మైకు వైపు వంగాడు. “సాబ్, సెప్పేద్దాం.”

సారు మైకును అరచేత్తో మూసేశారు. “వాళ్లు వచ్చిపోనీ అన్నానా లేదా?”

చెయ్యి తీసేసరికి లక్ష్మప్పే మాట్లాడుతున్నాడు. “కొంచెం గరగరమంటాంది సార్. ఆపి, సర్దుకొని మళ్లా వస్తాను. ఉండండి.”

తొమ్మిది దాకా చూశారు. రాలేదు.

“కొత్త సెట్టు. మొదటి రోజు మొరాయిస్తుంది” అంటూ సారు కాఫీకి లేచారు.

కానీ బెంగళూరువాళ్లు వచ్చేదాకా ఆయన ఆగలేదు. మరుసటి వారమే కొత్త పటం గీశారు. ఎనిమిది కార్డులు రాసి పోస్టు చేశారు. పటం అడుగున మూడో పేరు ఎక్కింది.

మౌలాలి ఆ పేరు చూశాడు. “ముందే పట్టింది నేను సాబ్.”

“పేరు వద్దన్నది నువ్వే. అతనికి కావాలి. నువ్వు పట్టినావని ఇంక యాడా అనద్దు.”

మౌలాలి అనలేదు.

పటం చుట్టుకుని సారే ఎమ్మిగనూరు బస్సెక్కారు. లక్ష్మప్ప తండ్రి తిమ్మప్ప మగ్గం గుంత గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చదువు రాదు.

“మావాని పేరు యాడుంది సామీ?”

సారు చూపించారు. తిమ్మప్ప ఆ అక్షరాల మీద వేలు జరుపుతూ, చీర అంచు చూసుకున్నట్టు చూసుకున్నాడు.

“దీన్ని అందరూ గీసుకుంటారా?”

“గీసుకుంటారు. పేరు ఎవరూ వదిలేయకూడదు. అది రూలు.”

“ఒకసారి సదువు సామీ, ఇంటాను.”

సారు గొంతు సవరించుకుని చదివారు: “మూడో సవరణ. సెట్టు ఆపేసి ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్‌లో ఏడు వందల వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి, చెయ్యి పెట్టకూడదు; ఈ తప్పు కనిపెట్టినవారు కీర్తిశేషులు లక్ష్మప్ప, బి.ఎస్సీ., ఎమ్మిగనూరు, పటం గీసుకునే ప్రతి ఒక్కరూ ఆయన్ని ఒకసారి తలుచుకోవాలి.”