వంక లేని వీధి

ఈ సోమవారం ఏ ఫిర్యాదు ఇవ్వాలో పుణ్యవతికి తోచలేదు.

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషను వెనక సన్నటి వీధి వాళ్ళది. పొద్దున్నే ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి చూసింది. రాత్రి దీపాలన్నీ వెలిగాయి. మురిక్కాలువ మీద కొత్త మూతలు పడ్డాయి. చెత్త బండి వేళకే వచ్చి పోయింది. చివరికి వీధి కుక్కలకు కూడా మునిసిపాలిటీ వాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి, గుర్తుగా చెవికి గాటు పెట్టి వదిలారు. అవి ఆమెను చూసి తోకాడించాయే తప్ప ఒక్కటీ మొరగలేదు.

ఎదుటి హాస్టల్లోంచి ఆఫీసుకు బయల్దేరిన అమ్మాయి ఒకతి ఇయర్‌ఫోన్ తీసి, "ఆంటీ, మీరొచ్చాకే ఈ వీధి బాగుపడింది. థ్యాంక్స్" అంది. పుణ్యవతి ఏదైనా బదులు చెప్పేలోగా మళ్ళీ చెవిలో పెట్టుకుని క్యాబ్ ఎక్కేసింది.

బాగుపడింది. అదే వచ్చిన తంటా.

నిరుడు ఎండాకాలంలో నంద్యాల నుంచి రెండు సంచులతో వచ్చి ఇక్కడ ఒక గది అద్దెకు తీసుకుంది. పక్క గదిలో ఉండేవాళ్ళ పేరు ఆమెకు తెలీదు. ఆమె పేరు వాళ్ళకూ తెలీదు. పగలు తలుపు తీస్తే అన్ని గుమ్మాలకూ తాళాలే. వారమంతా కుక్కర్ కూతా, స్టేషన్లో రైలు కూతా తప్ప ఆమెను పలకరించే గొంతు లేదు. సోమవారం మాత్రం గంజి పెట్టిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, బస్సెక్కి మునిసిపల్ సర్కిల్ ఆఫీసుకు పోతుంది. ఆ రోజు ప్రజావాణి. కాలనీల్లో ఎవరి ఇబ్బంది అయినా ఆఫీసరు స్వయంగా కూర్చుని వింటాడు.

అక్కడి బెంచీ మీద రూతమ్మ కలుస్తుంది. గుంటూరు మనిషి, రిటైరైన నర్సు. తన ఇంటి పక్క లేచిన సెల్ టవర్ సంగతి తేలేదీ లేదు, ఆమె రావడం మానేదీ లేదు.

"ఇవాళ మీదేంటండీ?" అంది రూతమ్మ, పక్కకు జరిగి చోటిస్తూ.

"పార్కులో బెంచీ ఊగుతాంది." అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పేసింది పుణ్యవతి.

రూతమ్మ నవ్వింది. "అదృష్టమంటే మీదండీ. మీరు ఇక్కడ చెప్పి ఇంటికి చేరేలోగా మనుషులు దిగిపోతారు. మాది చూడండి, ఎప్పుడూ పరిశీలనలోనే ఉంటుంది. అయినా మన ఆఫీసరు శివశంకర్ గారు మంచోరే లెండి. వాళ్ళావిడ మా చర్చి పిల్లే. పెళ్ళికి ఆయన తరఫున ఒక్కరొస్తే ఒట్టు. అన్నీ మేమే నిలబడి చేశాం."

"మంచి పని చేసినారు" అంది పుణ్యవతి. లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళింది.

అటెండరు తలుపు దగ్గర్నుంచి కేకేశాడు. "పుణ్యవతమ్మా, ఇగ నువ్వు రా. జర జల్ది చెప్పు, సార్ ఇయ్యాల పరేషాన్ల ఉన్నడు."

లోపల ఆఫీసరు కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. ఆమె వంతు వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ ఎత్తడు.

"చెప్పండి."

"పార్కులో బెంచీ ఊగుతాంది సార్. పెద్దోళ్ళు కూచుంటే పడిపోతారు."

"రేపు మనిషిని పంపిస్తాం."

అంతే. అయిపోయింది. లేవాలి. పుణ్యవతి లేవలేదు. ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు.

"మిరియాల కషాయం తాగండి సార్. తగ్గిపోతాది."

కీబోర్డు మీద ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"వచ్చే వారం నుంచి ఇక్కడ వేరే ఆఫీసరు ఉంటారు. ఏదున్నా ఆయనకు చెప్పుకోండి. నన్ను జీడిమెట్ల వైపు వేశారు." స్క్రీను వైపే చూస్తూ అన్నాడు. "మీ వీధిలో ఇక చెయ్యాల్సినవేమీ మిగల్లేదు. మీరు ఇంత దూరం తిరగనక్కర్లేదు."

పుణ్యవతి ఏదో అనబోయింది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. చేతులు జోడించి బయటికొచ్చింది.

బయట ఎండ మండిపోతోంది. ఫ్లైఓవర్ అవతల అద్దాల మేడలు కళ్ళలోకి కొడుతున్నాయి. బస్టాపు నిండా జనం, అందరి తలలూ ఫోన్లలో ఉన్నాయి. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. దాన్నీ పోనిచ్చింది. ఆ గదికి వెళ్ళి చెయ్యాల్సింది ఏముంది? వచ్చే సోమవారం చీరకు గంజి ఎందుకు?

తర్వాత ఫోన్ తీసి, తనకు గది చూపించిన బ్రోకరు కుమార్‌కు కలిపింది.

"కుమారూ, జీడిమెట్ల పక్కన నాకొక గది చూడప్పా. తొందరగా కావల్ల."

"ఏందమ్మా, మంచిగున్న గల్లీ ఇడిసిపెట్టి గాడికెందుకు? ఫ్యాక్టరీల వాసన పడది నీకు. కొన్ని గల్లీలైతే రోడ్డు ఖరాబు, లైట్లుండయ్, వాన పడితే మోరీలు పొంగుతయ్."

"అట్లాంటి వీధే చూడు."

కుమార్ పడీ పడీ నవ్వాడు. "మోరీ పొంగే గల్లీ కావాల్నని ఎవరన్న అడుగుతరా అమ్మా! అసలు సంగతేందో జర చెప్పు."

పుణ్యవతి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా కొడుక్కి ఆడికి ట్రాన్స్‌ఫర్ అయిందప్పా."