పేరు చదవని గోడ

వంటింటి గోడ రోజూలాగే బంధువుల పోస్టులు పైకి చదువుతోంది. హైమావతి బీరకాయలు తరుగుతూ వింటోంది. హాస్టల్లో ఉన్న కూతురు వెన్నెల పోస్టు వచ్చింది.

“నా ఎనిమిదో ఏట నా ఒంటిమీద చెయ్యి వేసినవాడు...”

పేరు దగ్గర గోడ ఆగిపోయింది.

“ఎవరు?” అంది హైమావతి.

“ఆ మనిషి ఉన్న ఇంట్లో పేరు చదవకూడదండీ.”

ఇంట్లో తనూ, తన తమ్ముడూ తప్ప ఎవరూ లేరు.

మేనమామ కదా, అతనొచ్చినప్పుడల్లా “నీ మొగుడొచ్చాడే” అని అందరూ వెన్నెలను ఆటపట్టించేవారు. పిల్ల మంచం కింద దూరేది. సిగ్గనుకుని నవ్వేవారు. చెయ్యి పట్టి బయటికి లాగింది తనే.

“అక్కా, కాఫీ!” హాల్లోంచి తమ్ముడి కేక.

హైమావతి వెళ్ళి, చెప్పులైనా వేసుకోనివ్వకుండా అతణ్ణి వీధిలోకి నెట్టి గడియ పెట్టింది. తిరిగొచ్చి గోడ ముందు నిలబడింది.

“ఇప్పుడు చదువు.”